కార్డు మార్చే ముందు చప్పుడేమిటో తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

గేమ్ మొదలుపెట్టగానే నీ కంప్యూటర్‌లోని 3080 గ్రాఫిక్స్ కార్డు హోరెత్తిపోతోందనీ, మంచి కూలర్ కొని బిగించాలా, కార్డునే మార్చేయాలా అనీ అడిగావు. ఆ రెండింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చప్పుడు దేనిదో తేల్చుకో. అది తేలేదాకా డబ్బు తీయకు.

గేమ్ ఏదీ నడవనప్పుడు ఆఫ్టర్‌బర్నర్ (గ్రాఫిక్స్ కార్డు వేగం, ఫ్యాన్లు సర్దే సాఫ్ట్‌వేర్) తెరిచి ఫ్యాన్ల వేగాన్ని మెల్లగా పెంచుతూ చెవిపెట్టి విను. వేగంతోపాటు హోరు పెరిగితే అది గాలి చప్పుడు. ఏదో ఒక వేగం దగ్గర గరగరమంటే బేరింగ్ అరిగిందన్న మాట. ఆ మోడల్‌కు సరిపోయే ఫ్యాన్లు విడిగా దొరుకుతాయి, అవి మారిస్తే చాలు. ఫ్యాన్లతో సంబంధం లేకుండా, గేమ్ మెనూలో ఫ్రేములు (సెకనుకు తెరమీద మారే బొమ్మలు) వందల్లోకి ఎగబాకినప్పుడు సన్నగా కీచుమంటుంటే మాత్రం అది కాయిల్ వైన్. కార్డు మీది కాయిల్స్ కరెంటు ధాటికి కంపించడం వల్ల వచ్చే శబ్దమది. ఎంత గొప్ప కూలర్ తగిలించినా పోదు. ఫ్రేమ్ రేట్‌కు హద్దు పెడితే చాలావరకు తగ్గుతుంది.

నువ్వు రాసినదాన్ని బట్టి నీది గాలి చప్పుడేననిపిస్తోంది. అలాగైతే ఫ్యాన్లను తిట్టి లాభం లేదు, వాటిని పరిగెత్తిస్తున్నది వేడి. 3080 అసలే 320 వాట్ల కార్డు. ఆ వేడిని పుట్టకుండా చేయడం, పుట్టాక బయటికి తోలడం కంటే ఎంతో సులువు. అందుకే నా ఓటు ఎప్పుడూ ముందు అండర్‌వోల్ట్‌కే, అంటే చిప్‌కు అందే వోల్టేజ్ తగ్గించడానికే. చిప్ వాడే పవర్ దాదాపు వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజ్‌ను కాస్త దించినా వాట్లు బాగా పడిపోతాయి. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజ్‌కు ఎంత వేగమో చూపే గీత వస్తుంది. 0.85 వోల్టుల దగ్గర సుమారు 1,800 మెగాహెర్ట్జ్ ఉండేలా బిందువును పైకి లాగి, దాని కుడివైపు గీతంతా అదే ఎత్తులో చదునుగా చేయి. గేమ్ ఆగిపోతే మెగాహెర్ట్జ్ కొంచెం తగ్గించు. ఇంత ఓపిక లేకపోతే పవర్ లిమిట్‌ను (కార్డు వాడుకోగల వాట్ల హద్దును) 80 శాతానికి దించు. కోల్పోయే ఫ్రేములు కొద్దే, హోరు మాత్రం స్పష్టంగా తగ్గుతుంది. ఏమీ నచ్చకపోతే ఒక్క నొక్కుతో మొదటికి రావచ్చు.

కేసు సైడ్ ప్యానెల్ తీసి కూడా ఓసారి ఆడి చూడు. వేడి ఐదారు డిగ్రీలు పడిపోతే తప్పు కార్డుది కాదు, గాలి ఆడని కేసుది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకో, గిర్రున తిరగనివ్వకు.

ఇక కూలర్ విప్పడం. వారంటీ ఉంటే దాని షరతులు చదవకుండా స్క్రూ తాకకు. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటు) వేడి కోర్ (చిప్) మామూలు వేడికంటే 20 డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే, చిప్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. విప్పితే ప్యాడ్‌ల దగ్గర, అంటే మెమరీ వేడిని కూలర్‌కు చేర్చే మెత్తటి అట్టల దగ్గర, జాగ్రత్త అవసరం. పాత ప్యాడ్ మందం కొలిచి అదే మందం కొత్తది వేయాలి. అర మిల్లీమీటరు ఎక్కువైతే హీట్‌సింక్ (వేడిని పీల్చే కూలర్ లోహపు దిమ్మ) చిప్‌ను సరిగా తాకదు, తక్కువైతే మెమరీని తాకదు. నీ కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది, అందుకే ఇంత చెబుతున్నాను. ప్రాసెసర్ మీద ఉండే లోహపు మూత ఈ చిప్ మీద ఉండదు, అంచు పెచ్చు లేస్తే కార్డు పోయినట్టే. స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించు. ఫ్యాన్ల తీగలు పొట్టిగా ఉంటాయి, కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకు.

ప్లాస్టిక్ తొడుగు తీసేసి హీట్‌సింక్ మీద రెండు 120 మిల్లీమీటర్ల కేసు ఫ్యాన్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా కావలసినంత గాలి తోలుతాయి. వేగం సగమైతే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. కేసులో చోటుండి, కనెక్టర్ మార్చే తీగ దొరికితే నాకిది చాలా ఇష్టమైన మార్గం. నీటితో చల్లబరిచే వాటర్ బ్లాక్ మాత్రం వద్దు. అది ఆ ఒక్క బోర్డు కొలతకే చేసింది, కార్డు మారిన రోజు అదీ మూలన పడుతుంది.

కార్డు మార్చడం ఎప్పుడంటే, నువ్వు ఆడే గేమ్‌లకు దాని వేగం లేదా మెమరీ చాలనప్పుడు. దాని తర్వాతి తరం కార్డు 4070 దాదాపు 3080 వేగాన్నే 200 వాట్లలో ఇస్తుంది, నిజమే. కానీ అదే వేగానికి మళ్లీ డబ్బు పోయడం, కేవలం చప్పుడు కోసం, నాకు నచ్చదు. వేగం కూడా కావాలనుకుంటే అప్పుడు మార్చు, పాతదాని మీద పైసా పెట్టకుండా మార్చు.

అరగంట ఆడాక కోర్, హాట్‌స్పాట్, మెమరీ వేడి ఎంతెంత ఉన్నాయో చూసి రాయి. అండర్‌వోల్ట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. పేస్ట్ మార్చాలో లేదో అవి చూసి చెబుతాను. అంతవరకు స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లకు.

ఇట్లు,
నీ మామయ్య