తరాల మార్పు ఒక్కటే కాదు

ప్రశ్న: అమెరికాలో స్వలింగ వివాహాలను ఒకప్పుడు అత్యధికులు వ్యతిరేకించేవారు కదా, ఇంత తక్కువ కాలంలో ప్రజాభిప్రాయం ఎలా మారింది? కొత్త తరం రావడమే కారణమా?

జవాబు: అది కొంత మేరకే నిజం. ఈ వివాహాలకు చట్టబద్ధత ఉండాలన్నవారు గాలప్ అనే అభిప్రాయ సేకరణ సంస్థ సర్వేలో 1996లో 27 శాతం కాగా, 2023 నాటికి 71 శాతమయ్యారు. తరాలు ఇంత వేగంగా మారవు కనుక, ఒకప్పుడు కాదన్నవారిలోనే చాలామంది అభిప్రాయం మార్చుకున్నారన్నమాట. ఇందుకు అన్నిటికంటే బలమైన కారణం స్వలింగ సంపర్కులతో పరిచయమేనని నా ఉద్దేశం. 1980లలో ఎయిడ్స్ ప్రబలినప్పుడు, ఆసుపత్రిలో ఉన్న సహచరుణ్ని చూసే హక్కుగానీ, అతడు మరణిస్తే వారసత్వంగానీ లేక స్వలింగ జంటల్లో అనేకులు నష్టపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో తమ గురించి ఇంట్లోనూ కార్యాలయంలోనూ దాచకుండా చెప్పుకున్నవారు పెరిగేకొద్దీ, ఎక్కడో ఉన్న అపరిచితుల గురించిన వాదన కాస్తా సొంత కొడుకు గురించో, మేనకోడలి గురించో తేల్చుకోవలసిన విషయమైంది. 2004లో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఈ పెళ్లిళ్లు మొదలైనా ఇతరుల కాపురాలకు ఏ ముప్పూ రాకపోవడం కూడా భయాన్ని తగ్గించింది. ఈ వివాహాలను దేశమంతటా చట్టబద్ధం చేసిన 2015 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఈ మార్పుకు మూలం కాదు. అప్పటికే సగానికి మించినవారు అనుకూలంగా ఉన్నారు. అయితే ఈ ధోరణి వెనక్కి మళ్లదనుకోవడం తొందరపాటే: రిపబ్లికన్లలో మద్దతు 2022లో 55 శాతం ఉండి, తర్వాత తగ్గింది.