పాటలు అవే అయినప్పుడు ఇన్ని ప్రతులెందుకు?

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కొరియా అమ్మాయిల పాటల బృందం ‘ట్వైస్’ అంటే ప్రాణం. 2025 జులైలో విడుదలైన వారి కొత్త ఆల్బమ్ ‘దిస్ ఈజ్ ఫర్’ మూడు నాలుగు ప్రతులు కొనిపెట్టమని పట్టుబడుతోంది. పాటలన్నీ ఫోన్‌లోనే వింటోంది కదా, మరి ఒకే ఆల్బమ్‌ను ఇన్నిసార్లు కొనడం దేనికి? విడుదలైన మొదటి వారంలోనే కొనాలని కూడా అంటోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: కొరియాలో ఆల్బమ్ అంటే సీడీతో పాటు ఫొటోల పుస్తకం, సభ్యుల బొమ్మలున్న చిన్న ఫొటోకార్డులు వంటివి కలిపి సర్దిన పెట్టె. అవే పాటలను వేర్వేరు ముఖచిత్రాలతో పలు వెర్షన్లుగా అమ్ముతారు. లోపల ఎవరి కార్డు ఉందో విప్పి చూసేదాకా తెలియదు. 2010లో ‘గర్ల్స్ జనరేషన్’ బృందం తన ‘ఓ!’ ఆల్బమ్‌లో ఫొటోకార్డులు పెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి పాతుకుపోయింది. ట్వైస్‌లో తొమ్మిదిమంది ఉన్నారు. పెట్టెకు ఒక్క కార్డే ఉండి, అందరి కార్డులనూ సమానంగా సర్దారనుకున్నా, తొమ్మిది పెట్టెలు కొన్న తరువాత కూడా కోరుకున్న కార్డు దొరకకపోయే అవకాశం దాదాపు మూడో వంతు ఉంటుంది. ఈ లెక్కను మీ అమ్మాయితోనే కాగితం మీద వేయించండి.

ఇక మొదటి వారం సంగతి. హాంటియో అనే సంస్థ తనతో అనుసంధానమైన దుకాణాల్లో అమ్ముడైన ప్రతులను లెక్కగడుతుంది. విడుదలైన తొలి వారపు అంకెను అభిమానులు తమ బృందం పరువుగా భావిస్తారు. పిల్లల అభిమానాన్ని ఇలా లాటరీగా, పందెంగా మార్చి సొమ్ము చేసుకోవడం అన్యాయమని నా దృఢాభిప్రాయం.

అయితే, దయచేసి ఆ కోపం పాటల మీద చూపవద్దు. 2015లో ‘సిక్స్‌టీన్’ అనే టీవీ పోటీ ద్వారా ఎంపికైన ఐదుగురు కొరియా అమ్మాయిలు, ముగ్గురు జపాన్ అమ్మాయిలు, ఒక తైవాన్ అమ్మాయి, ఒక్కరూ తప్పుకోకుండా పదేళ్లుగా కలిసి పాడుతూ రావడం ఆ రంగంలో అరుదైన విషయం. 2021 నవంబరు తరువాత కొరియాలో వారు విడుదల చేసిన తొలి పూర్తి నిడివి ఆల్బమ్ ఇది. ఇందులోని 14 పాటల్లో కొన్నింటిని చిన్న జట్లుగా విడిపోయి పాడారు కనుక, మామూలుగా తొమ్మిది గొంతుల మధ్య కలిసిపోయే ఒక్కొక్కరి స్వరం ఇక్కడ విడిగా వినబడుతుంది. ఒకసారి మీరూ పక్కన కూర్చుని వినండి, ఏ గొంతు ఎవరిదో అమ్మాయిని అడగండి. ఎంత శ్రద్ధగా వింటోందో మీకే తెలుస్తుంది.

నా సలహా ఏమిటంటే, తనకు నచ్చిన వెర్షన్‌లో ఒక్క ప్రతి కొనిపెట్టండి, తొందర లేకుండా కొనండి. విదేశం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి ధర బాగా పెరగవచ్చు. అందుకే అభిమానులు ‘గ్రూప్ ఆర్డర్’ పేరుతో కలిసి తెప్పించుకుంటారు, కానీ ముఖపరిచయం లేనివారికి ముందుగా డబ్బు పంపనివ్వకండి. కోరిన కార్డు రాకపోతే మరో పెట్టె కొనడం కన్నా తోటి అభిమానులతో మార్చుకోవడం మేలు. అందుకోసం ఊళ్లో ఎవరినైనా కలవవలసి వస్తే, ఇంటి చిరునామా ఇవ్వకుండా, జనం తిరిగే చోటుకు మీరే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి.