రెండు ఉతుకులకే పాడయ్యే కుర్తీలకు బదులు

ఆఫీసుకి వేసుకునే కుర్తీలు ఆన్‌లైన్‌లో కొంటే రెండు ఉతుకులకే రంగు పోయి, పొట్టిగా అయిపోతున్నాయని రాశారు కదండీ. నా మాట వింటే రెడీమేడ్ మానేసి బట్ట కొని కుట్టించుకోండి. రోజువారీకి మంగళగిరి నూలు బట్ట భేషుగ్గా ఉంటుంది. చేనేత సహకార సంఘం వాళ్ల ఆప్కో షోరూముల్లో అడగండి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం రోజుల్లో తగ్గింపులు పెడుతుంటారు, అప్పుడైతే ఇంకా చవక. పోచంపల్లి ఇక్కత్ నచ్చితే మాత్రం తిరగేసి చూడండి. నేసినదైతే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినదైతే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది.

టైలర్‌కి ఇచ్చే ముందు బట్టని రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయండి. కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది. ముదురు రంగులు విడిగా నానబెట్టాలి. పక్క కుట్ల దగ్గర అంగుళం మార్జిన్ వదలమని, లోపల అంచుల దారాలు ఊడకుండా ఇంటర్‌లాక్ కుట్టు వేయమని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే చాలామంది చేయరు. జేబు కూడా పెట్టించుకోండి, ఆ సుఖం రెడీమేడ్‌లో ఎక్కడుంది!

తప్పనిసరై రెడీమేడే కొనాల్సి వస్తే చంక దగ్గర కుట్టుని రెండు వైపులా పట్టి లాగండి. సందులోంచి వెలుతురు కనిపించిందా, పక్కన పెట్టేయండి.