శ్రీకాకుళం జిల్లా మందస కొండల్లోని సవర ఆదివాసీల పోడు భూమికి అంతర్జాతీయ చట్టం అండ ఉందా?

ఉంది, కానీ అదొక్కటే చాలదు. తరతరాలుగా అనుభవిస్తున్న నేల, వనరులు ఆదివాసీలవేనని 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన 26వ అధికరణం చెబుతుంది. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది. అయితే అది ఒప్పందం కాదు. మనం కట్టుబడింది అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) 107వ ఒడంబడికకు. సంప్రదాయ భూములపై యాజమాన్యాన్ని గుర్తించమని అదీ అంటుంది. ఇంకా బలమైన ఐఎల్‌వో 169వ ఒడంబడికను భారత్ ఇప్పటికీ ఆమోదించకపోవడం అన్యాయం.

పట్టా ఇచ్చేది మాత్రం 2006 అటవీ హక్కుల చట్టమే. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉంటే నాలుగు హెక్టార్ల వరకు గ్రామసభలో అడగొచ్చు. కాగితాల్లేవని వెనక్కి తగ్గకండి: రాళ్లు పేర్చి కట్టిన గట్టు, పాత శ్మశానం, ఊరి ముసలమ్మ చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, ఇవన్నీ చట్టం ఒప్పుకునే సాక్ష్యాలే. కనీసం రెండు చూపించండి.