మెదడు ఆరోగ్యం – మీ ప్రశ్నలు, మా జవాబులు: ఫుల్లర్ నుంచి మాన్లీ దాకా

ప్రశ్న: ఆల్జైమర్ దగ్గర ఒక నల్లజాతి డాక్టరు పనిచేశారని విన్నాను. ఆయనెవరు? ఏం కనిపెట్టారు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సాలమన్ కార్టర్ ఫుల్లర్. 1872లో లైబీరియాలోని మన్రోవియాలో పుట్టారు. వాళ్ల తాతగారు అమెరికాలో బానిసగా బతికి, డబ్బు కట్టి విడుదలై లైబీరియా చేరినవారు. మనవడు చదువు కోసం మళ్లీ అమెరికా వెళ్లి, 1897లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి వైద్యపట్టా తీసుకున్నారు. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరో మానసిక వైద్యశాలలో పాథాలజిస్టుగా, చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించేవారు. 1904లో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, మతిమరుపు జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు ఆల్జైమర్ ప్రయోగశాలలో పనిచేశారు.

ఆల్జైమర్ జబ్బుమీద అప్పటిదాకా అచ్చయిన కేసులన్నిటినీ 1912లో ఒకచోట చేర్చి, తాను చూసిన కేసు జోడించి, ఇంగ్లీషులో తొలి సమగ్ర సమీక్ష రాసింది ఆయనే. వయసు మళ్లాక మతి చెడిందంటే మెదడు రక్తనాళాలు గట్టిపడటమే కారణమని అప్పట్లో గట్టి నమ్మకం. ఫుల్లర్ దాన్ని ఒప్పుకోలేదు.

బోస్టన్‌లో మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పారు. న్యూరాలజీ విభాగాన్ని కొన్నేళ్లు నడిపించారు కూడా, కానీ అధిపతి హోదా ఇవ్వలేదు. 1933లో తనకంటే చిన్నవాడైన తెల్లజాతి అధ్యాపకుడికి పూర్తి ప్రొఫెసర్ పదవి కట్టబెట్టడంతో ఉద్యోగం వదిలేశారు. ఇది పచ్చి అన్యాయం. మన వైద్య విద్యార్థులకు ఆల్జైమర్ పేరుతోపాటు ఈయన పేరూ చెప్పాలి.

ప్రశ్న: స్కానింగులు లేని రోజుల్లో ఆల్జైమర్ జబ్బుతో మెదడులో వచ్చే మార్పులు ఎలా కనిపించాయి? – ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థిని, కాకినాడ

జవాబు: వెండితో. బీల్షోవ్‌స్కీ పద్ధతి అంటారు. ఫార్మలిన్‌లో గట్టిపడిన మెదడు ముక్కను పలుచగా కోసి, ముందు సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో చీకట్లో నానబెడతారు. ఆ తరవాత అమ్మోనియా కలిపిన వెండి ద్రావణం, చివర్లో ఫార్మలిన్. అప్పుడు నరకణాల్లోని పోగులు నల్లగా తేలతాయి. జబ్బు పట్టిన కణంలో అవి మందంగా, చిక్కుపడి ఉంటాయి.

తేడా వచ్చేది ఎక్కువగా అమ్మోనియా దగ్గరే. చుక్కచుక్కగా వేస్తూ, మొదట ఏర్పడే మడ్డి కరగగానే ఆపాలి. ఎక్కువైతే రంగు వెలిసినట్టుంటుంది. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరైడు వెండితో కలిసి తెల్లగా విరిగిపోతుంది, అందుకే డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఇనుప ఫోర్సెప్స్ ముంచితే వెండి దానిమీద పేరుకుంటుంది, గాజు కడ్డీ మేలు. కడగడం చాలకపోతే మిగిలిన నల్ల మచ్చలనే జబ్బు గుర్తులనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: అమెరికా ఫుట్‌బాల్ ఆటగాళ్ల కేసులో ‘రేస్ నార్మింగ్’ అన్నారు. ఏమిటది? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: జ్ఞాపకశక్తి పరీక్షలో వచ్చిన మార్కును అలాగే చూడరు. ఒక గుంపు సగటుతో పోల్చి, సగటును 50గా లెక్కగట్టి, సాధారణంగా 40 కంటే తగ్గితే లోపం అంటారు. ఉదాహరణకు ఒకరికి 38 మార్కులు వచ్చాయనుకుందాం. గుంపు సగటు 50, విచలనం (మార్కులు సగటుకు ఎంత అటూఇటూ ఉంటాయో చెప్పే అంకె) 10 అయితే ఆయన స్కోరు 38, లోపం ఉన్నట్టే. అదే మనిషిని సగటు 44 ఉన్న గుంపుతో పోలిస్తే స్కోరు 44కి ఎగబాకుతుంది, లోపం మాయమవుతుంది. నల్లజాతి ఆటగాళ్లకు ఈ రెండో లెక్క వాడటంతో తలదెబ్బల పరిహారం అందడం కష్టమైంది. 2020లో ఇద్దరు మాజీ ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. 2022లో ఆ లెక్కను తీసేసే ఒప్పందానికి కోర్టు ఆమోదం దొరికింది.

నిజానికి జాతివారీ సగటులు పుట్టింది, జబ్బు లేని నల్లజాతివారికి జబ్బు అంటగట్టకూడదనే. కానీ తేడాకు మూలం జాతి కాదు. కొలంబియా యూనివర్సిటీ న్యూరోసైకాలజిస్టు జెనిఫర్ మాన్లీ 2002లో దీన్ని తేటతెల్లం చేశారు. బడికెళ్లిన ఏళ్లు సమానంగా ఉన్న నల్ల, తెల్లజాతి వృద్ధుల మధ్య స్కోర్లలో తేడా కనిపించింది. చదవగల సామర్థ్యాన్ని లెక్కలోకి తీసుకోగానే చాలా పరీక్షల్లో ఆ తేడా నిలవలేదు. నల్లజాతివారికని వేరుచేసిన బడుల్లో ఎనిమిదేళ్లు, మంచి బడిలో ఎనిమిదేళ్లు ఒకటెలా అవుతాయి?

ప్రశ్న: మా అమ్మ రెండో తరగతి దాకే చదివింది. జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఏనా? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఆ ఒక్క కాగితంతో తేల్చకూడదు, మాన్లీ చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది. కలం పట్టని చేతికి బొమ్మ చూసి గీయడమే కష్టం. అప్పటికప్పుడు ఇంగ్లీషు నుంచి మార్చి అడిగే ప్రశ్నలు వద్దనండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి జ్ఞాపకశక్తి పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది, దాని గురించి అడగండి. అమ్మ కళ్లజోడు, చెవి మిషను ఉంటే మరిచిపోకండి. నిద్రమాత్రలతో సహా వాడే మందులన్నీ చూపించండి. బి12, థైరాయిడ్ పరీక్షలు, దిగులు ఉందా అన్నదీ తప్పక చూడాలి. రోజూ దగ్గరుండేవారే వెంట వెళ్లాలి. పాల లెక్క, మందుల వేళ, పొయ్యి ఆపడం, వీటిలో నిరుటికీ ఇప్పటికీ ఏం మారిందో రాసుకెళ్లండి. ఆర్నెల్ల నుంచి ఏడాదిలో అదే పరీక్ష, అదే భాషలో మళ్లీ చేయించి, అమ్మ పాత మార్కులతోనే పోల్చమనండి.