మోనో జ్వరంలో పిల్లలకు లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరిగితే బ్లడ్ క్యాన్సర్ అనుకోవాలా?

అనుకోనక్కర్లేదు, మోనో అంటే ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్‌లో పెరిగేవి ప్రధానంగా వైరస్‌తో పోరాడే సీడీ8 టీ కణాలనే లింఫోసైట్లు.

ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. లాలాజలం ద్వారా సోకి, బీ లింఫోసైట్లలో తిష్ఠ వేస్తుంది. ఆ బీ కణాలను వెతికి చంపడానికి సీడీ8 కణాలు వేగంగా విభజన చెంది, పరిమాణం పెరిగి, ఆకారం మారతాయి. రిపోర్టులో 'ఎటిపికల్ లింఫోసైట్లు' అని రాసేది వీటినే. వైరస్ పట్టిన కణాలు ఇవేనని చాలామంది పొరబడతారు. వీటిలో అత్యధికం సోకినవి కావు, సోకినవాటిని చంపేవి.

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ల పాపకు వారంగా జ్వరం, గొంతు నొప్పి, మెడలో బిళ్లలు ఉన్నాయనుకుందాం. రిపోర్టులో లింఫోసైట్లు 60 శాతం, ఎటిపికల్ కణాలు 15 శాతం, సీడీ4 (మరో రకం టీ కణాలు)-సీడీ8 నిష్పత్తి 1 కంటే తక్కువ. (మోనోకు ఈ చివరి పరీక్ష మామూలుగా అవసరమే లేదు.) నిష్పత్తి చూసి హెచ్‌ఐవీ అని హడలిపోయేవారూ ఉంటారు. హెచ్‌ఐవీలో సీడీ4 కణాలు క్షీణిస్తాయి. ఇక్కడ సీడీ8 విపరీతంగా పెరగడం వల్ల నిష్పత్తి తలకిందులవుతుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ బాగా పడిపోయినా, స్మియర్‌లో (రక్తపు చుక్కను గాజు పలకపై పరిచి చూసే పరీక్షలో) బ్లాస్ట్ కణాలు (పక్వం కాని రక్తకణాలు) కనిపించినా మాత్రం వెంటనే రక్తవ్యాధుల నిపుణులకు చూపించాలి.