కుర్చీలు ఎవరు సర్దుతారు?

ప్రశ్న: అక్కయ్యగారూ, నేను ఒక రక్తదాన సంఘానికి కార్యదర్శిని. మా దగ్గర గుడి, మసీదు, చర్చి, గురుద్వారా కమిటీలు కలిసి సర్వమత ఉత్సవం చేద్దామనుకున్నాయి. మా సంఘాన్నీ, గ్రంథాలయ కమిటీనీ, సీనియర్ సిటిజన్ల సంఘాన్నీ కూడా రమ్మన్నారు. మీటింగులు జరుగుతున్నాయి గానీ, ఆహ్వానపత్రంలో ఎవరి పేరు ముందుండాలన్న దగ్గరే బండి ఆగిపోయింది. అసలు ఏ మతానికీ చెందని మాలాంటి వాళ్లకు ఇందులో పనేముంది?

జవాబు: కార్యదర్శిగారూ, అసలు పనంతా మీదే. డబ్బు లెక్కలు గుడి చూస్తే చర్చివాళ్లకు, చర్చి చూస్తే మసీదువాళ్లకు పైకి అనకపోయినా లోపల కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అదే రక్తదాన సంఘం చూస్తే ఎవరికీ పేచీ ఉండదు. జమాఖర్చులు, హాలు బుకింగు, అనుమతుల దరఖాస్తులు మీ మూడు సంఘాలూ పంచుకోండి. మతసంస్థల వాళ్లను వాటి జోలికి రానివ్వకండి, వాళ్లకే హాయి.

పేర్ల గొడవంటారా, అకారాది క్రమంలో వేసేయండి. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో. ‘ప్రధాన నిర్వాహకులు’, కింద చిన్నగా ‘సహకారం’ అనే మెట్లు పెట్టారంటే ఉత్సవం అయ్యేదాకా ఆ పంచాయితీ తెగదు.

ఇక అసలు సంగతి. పనుల్ని మతాలవారీగా పంచకండి. గుడివాళ్లకో స్టాలు, చర్చివాళ్లకో పాట, మసీదువాళ్లకో ఉపన్యాసం అని పంచితే, ఒకే టెంటు కింద నాలుగు వేర్వేరు ఫంక్షన్లు జరుగుతాయి. ఎవరి పని అయ్యాక వాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. ప్రతి పనికీ రెండు సంఘాలను కలపండి. పార్కింగుకు మసీదు కుర్రాళ్లూ చర్చి కుర్రాళ్లూ, గేటు దగ్గర గుడి మహిళలూ గ్రంథాలయం వాళ్లూ. రెండు గంటలు కలిసి కుర్చీలు మోసినవాళ్లకు ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర ఉంటుంది. వేదిక మీద పక్కపక్కన కూర్చుని ఫొటో దిగినవాళ్లకు చాలాసార్లు అదీ ఉండదు.

ఒక ఫుల్‌స్కేప్ కాగితం తీసుకోండి. ఎడమ పక్క పని, తర్వాత రెండు సంఘాల పేర్లు, ఆ తర్వాత ఒక్కో సంఘం నుంచి ఒక మనిషి పేరు, నంబరు, ఎప్పటిలోగా పూర్తి కావాలో ఆ తేదీ. ‘యువజన విభాగం చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరు. చిట్టచివరి వరుసలో ‘కుర్చీలు తిరిగి అప్పగించడం’ అని ఉండాలి. దాని ఎదురుగా మనుషుల పేర్లు పడేదాకా ఎవరూ సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: ఏ రోజు పెట్టినా ఎవరికో ఒకరికి కుదరడం లేదు. అందరికీ నప్పే తేదీ ఉంటుందా?

జవాబు: ఫిబ్రవరి మొదటి వారం చూడండి. జోర్డాన్ రాజు రెండో అబ్దుల్లా ప్రతిపాదన మీద, ఐక్యరాజ్యసమితి 2010 అక్టోబరు 20న ఆ వారాన్ని ఏటా సర్వమత సామరస్య వారంగా జరపాలని తీర్మానించింది. అది ఏ ఒక్క మతం పండుగా కాదు కాబట్టి ‘మీ తేదీ, మా తేదీ’ అన్న మాటే రాదు. అయితే ఒక తిరకాసుంది. ఇస్లాం క్యాలెండరు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2028లోనూ 2029లోనూ ఆ వారం రంజాన్ నెలలోనే పడుతుంది. ఆ ఏళ్లలో పగటిపూట రక్తదాన శిబిరం పెడితే, ఉపవాసం ఉన్నవాళ్లు రాలేరు. వేరే నెల చూసుకోవడం మంచిది.

వారంలో రోజంటారా, శుక్రవారం మధ్యాహ్నం ముస్లింల జుమా నమాజు. ఆ సాయంత్రం నుంచి శనివారం పొద్దుగుంకేదాకా యూదుల విశ్రాంతి దినం. ఆదివారం ఉదయం చర్చి. మిగిలింది ఆదివారం మధ్యాహ్నం. నా ఓటు దానికే.

ప్రశ్న: ఖర్చులో ఎక్కువ భాగం మేమే పెడతామని ఒక పెద్ద సంస్థ ముందుకొచ్చింది. ముఖ్య అతిథి మాత్రం తమ మనిషే కావాలంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. ఏ సంస్థయినా ఇంతకు మించి ఇవ్వకూడదని ముందే గరిష్ఠ పరిమితి పెట్టుకోండి. డబ్బు లేని సంఘం హాలు ఇవ్వొచ్చు, మైకు సెట్టు ఇవ్వొచ్చు, మనుషుల్ని ఇవ్వొచ్చు. అదీ లెక్కలో చందాగానే రాయండి. అసలు ముఖ్య అతిథి ఎందుకు? వస్తే ఆలస్యంగా వస్తారు, వచ్చాక ఎక్కువసేపు మాట్లాడతారు!

ప్రశ్న: మా చర్చిలో కొందరు పనులకు సాయం చేస్తాం గానీ వేరే మతం ప్రార్థనలో నిలబడలేమంటున్నారు. వాళ్లను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి. ఇలాంటి మాట గుడి నుంచీ వస్తుంది, మసీదు నుంచీ వస్తుంది. అది ద్వేషం కాదు, వాళ్ల నిష్ఠ. 1986 అక్టోబరు 27న పోప్ రెండో జాన్ పాల్ ఇటలీలోని అసీసీకి అన్ని మతాల పెద్దల్నీ పిలిచినప్పుడు, ముందు ఎవరి ప్రార్థన వాళ్లు వేర్వేరు చోట్ల చేసుకున్నారు. ఆ తర్వాతే అంతా ఒకచోట చేరారు. అంత పెద్ద సభలోనే ఆ వీలు కల్పించినప్పుడు, మనకేం అడ్డు? ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు మౌనంగా కూర్చోవచ్చు, బయటికి వెళ్లి రావచ్చు అని కార్యక్రమ పత్రంలోనే అచ్చువేయండి. అందరికీ నచ్చేలా ఒక ఉమ్మడి ప్రార్థన రాయాలని మాత్రం కూర్చోకండి. నాలుగు మతాల వాళ్లూ అలిగేది దాని దగ్గరే. మతప్రచారం కరపత్రాలు ఎవరూ పంచకూడదన్న షరతు కూడా ఆ ఫుల్‌స్కేప్ కాగితం మీదే రాసి, అందరి సంతకాలూ తీసుకోండి.

ప్రశ్న: మాది సీనియర్ సిటిజన్ల సంఘం. బరువులు మోయలేం. మాకేం పని ఇస్తారు?

జవాబు: గంట. వక్తకు ఐదు నిమిషాలని చెప్పి, మీలో కాస్త గంభీరంగా ఉండేవారిని చేతిలో గంటతో ముందు వరుసలో కూర్చోబెట్టండి. స్వామీజీ అయినా, పాస్టరుగారైనా, మౌల్వీగారైనా ఐదో నిమిషానికి గంట మోగాల్సిందే. ఆ పని మా వయసువాళ్లు చేస్తే అలుగుతారు, మీరు చేస్తే నవ్వి కూర్చుంటారు.